ట్యాంకు నిండేదాకా

నూజివీడు,
మార్చి 4

సాయిలక్ష్మికి,

మీ బావగారి సంవత్సరీకం మొన్న ఆదివారంతో అయింది. నువ్వు రాలేదు. పోయినేడు కర్మలకూ రాలేదు. మీ ఆయన్ని అడిగితే మీ అమ్మ కాలు విరిగి మంచాన పడిందని చెప్పాడు. మైలవరం నుంచి నూజివీడుకు బస్సులు లేవా? ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ కాపురం చేశాం. ఆయన చావుబతుకుల్లో ఉన్న వారమే నువ్వు మాటైనా చెప్పకుండా పుట్టింటికి వెళ్ళిపోయావు. నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. సంహిత వచ్చి వెళ్ళాక రాయక తప్పలేదు.

జోజిబాబును పెళ్ళి చేసుకున్నాక నా కూతురు ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు. మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తూ, "చివరిదాకా నాన్నకు నా మీద కోపం పోలేదు కదమ్మా" అంది. ఎవరు చెప్పారే అన్నాను. "బాబాయే. నేను ఏలూరులో బస్సెక్కబోతూ నాన్న ఫోనుకు చేస్తే బాబాయ్ ఎత్తాడు. నిన్ను చూడనంటున్నాడు, వస్తే ఆ గొడవకే ప్రాణం పోతుంది, రావద్దు అన్నాడు. వెనక్కి వెళ్ళిపోయాను."

సాయిలక్ష్మీ, ఆయన పోయేముందు మూడు రోజులూ ఆ పిల్ల కోసమే అడిగారు. ఫోన్ చెయ్యమని మీ ఆయనకే చెప్పాను. "చేశాను వదినా, రానంది" అన్నాడు. కడుపున పుట్టింది రాయి అనుకుని ఏడాదిపాటు నేను దానితో మాట్లాడలేదు.

నేనే ఎందుకు చెయ్యలేదంటావా? నాకు ఇంట్లో ఉండే వీలెక్కడిది? ఆయన దుప్పట్లు రోజూ ఉతకాల్సి వచ్చేది. అన్ని నీళ్ళు పోస్తే సెప్టిక్ ట్యాంకు నిండిపోతుందని మీ ఆయన చాకిరేవు బండ దగ్గర కుళాయి ఊడదీయించాడు. మూట కట్టుకుని ముసునూరు రోడ్డులో తోటకు వెళ్ళి మోటారు కింద ఉతుక్కొచ్చేదాన్ని. ఆయన పోయిన రోజు తోటకు కరెంటు ఆలస్యంగా వచ్చింది. తడి మూటతో తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు అందరి చెప్పులూ ఉన్నాయి.

ఆ ఫోను సంగతి నీకు తెలుసా? అదొక్కటి చెప్పు. జ్యేష్ఠంలో మీ ఆయన షష్టిపూర్తికి కార్డులు అచ్చవుతున్నాయి. ఆయన పేరు పక్కన నీ పేరుంది. పీటల మీద కూర్చోవడానికి వస్తావు కదా, ఈలోపు జవాబు రాయి.

సౌభాగ్యలక్ష్మి


మైలవరం,
మార్చి 11

అక్కయ్యగారికి,

ఫోన్ చెయ్యలేక రాస్తున్నాను. నా సిమ్ము ఆయన పేరు మీద ఉంది. నేను ఎవరితో ఎంతసేపు మాట్లాడానో ఆయనకు తెలుస్తుంది. ఇది మా అన్నయ్య కూతురు మౌనిక పోస్టు చేస్తుంది. కవరు మీద దస్తూరీ తనదే.

మీరడిగింది నాకు తెలియదు. మా అమ్మ మీద ఒట్టు. ఆ అమ్మ కాలు విరగలేదు, రోజూ గుడికి నడిచి వెళ్తోంది.

నేను వచ్చిన రోజు సంగతి చెబుతాను. అది సోమవారం. మీరు తోటకు వెళ్ళారు. మీ గదిలోంచి బావగారు ఎవరైనా ఉన్నారా అని పిలిచారు. పక్క తడిసిపోయి ఉంది. పాపం ఆయన నా మొహం చూడలేక గోడ వైపు తిరిగారు. నేను పక్క మార్చి, ఆ రెండు దుప్పట్లూ మా బాత్రూమ్‌లో ఉతికి మిద్దె మీద ఆరేశాను. మా ఇంట్లో బుధవారం, శనివారం తప్ప బట్ట తడపకూడదని మీకు తెలుసు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి దండెం చూశారు. తడి దుప్పట్లు లాగి నా చేతిలో పెట్టి, "ఉతకాలని అంత ఉబలాటంగా ఉంటే మీ పుట్టింట్లో ఉతుక్కో" అన్నారు. సాయంత్రం బస్సు ఎక్కించారు. మీ గుమ్మం దాకా వచ్చాను. మీరు ఇంకా తిరిగి రాలేదు.

నాలుగు రోజుల్లో పిలుస్తారనుకున్నాను. బావగారు పోయారన్న కబురు కూడా మూడో రోజున బస్టాండులో ఎవరో చెబితే తెలిసింది. వస్తానని ఫోన్ చేశాను. "వస్తే నీ ఇష్టం, లోపలికి మాత్రం రానివ్వను" అన్నారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, బుద్ధొచ్చిందా అని అడుగుతారు. నేను పలకను. ఆయన పెట్టేస్తారు.

షష్టిపూర్తి సంగతి మీ ఉత్తరంలోనే చదివాను. ఆ చేతులతో మళ్ళీ నా మెళ్ళో తాళి కట్టడానికి నా ఒప్పుదల అక్కర్లేదని ఆయన అనుకున్నట్టున్నారు.

సాయిలక్ష్మి


నూజివీడు,
మార్చి 27

సాయీ,

ఆ సోమవారం నేను వచ్చేసరికి ఆయన పక్క పొడిగా ఉంది. మా మరిది ఎవరిచేతనో మార్పించాడేమో అనుకుని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఏడాది దాటాక ఇవాళ ఆ దణ్ణం వెనక్కి తీసుకుంటున్నాను. అది నీకు చెందాలి. నిన్ను అన్న మాటలన్నీ కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం చదివి తిన్నగా అతని వాటాకు వెళ్ళాను. పేపరు చదువుతున్నాడు. "సంహితకు అబద్ధం ఎందుకు చెప్పావు గంగాధరం?" అన్నాను. పేపరు దించలేదు. "ఇంటి మర్యాద కోసం వదినా. ఆ కుర్రాడు వెంట వచ్చి శవం దగ్గర నిలబడితే ఊళ్ళో మన మొహాలు ఏం కాను? మీరు ఆడవాళ్ళు, మీకు అర్థం కాదు" అన్నాడు. ఇంకో పేజీ తిప్పాడు.

అతన్ని ఏం చెయ్యగలను నేను? ఇలాంటి అబద్ధానికి పోలీసులు కేసు రాయరు. చుట్టాలకు చెబితే, పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇప్పుడెందుకు అంటారు. కానీ నాకు అతను నలుగురిలో నవ్వులపాలు కావడం చూడాలని ఉంది సాయీ. ముక్కు మూసుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడాలి. అది చూస్తే గానీ నాకు అన్నం సహించదు.

షష్టిపూర్తికి పెరట్లో పందిరి వేయిస్తాడట. మీ వాటా చివర అతిథుల కోసం కొత్త బాత్రూమ్ కట్టించాడు. అద్దాల్లాంటి పలకలు. వచ్చిన ప్రతివాడికీ తీసుకెళ్ళి చూపిస్తున్నాడు.

మొన్న వీధి చివర బ్యాంకు ఉద్యోగం చేసే ఆవిడ బదిలీ మీద వెళ్తూ వాషింగ్ మెషీన్ అమ్మేస్తుంటే నేను కొన్నాను. వెనక వరండాలో పెట్టించేసరికి పరుగెత్తుకొచ్చాడు. "మిషన్ వద్దు వదినా, మన ట్యాంకు చిన్నది" అన్నాడు. "ట్యాంకులో సగం నాది. పంపకాల్లో రాసుకున్నాం" అన్నాను. అతని మొహంలో భయం కనపడింది. మీ బావగారు పోయినప్పుడు కూడా నేను ఆ మొహంలో భయం చూడలేదు.

ఆ ట్యాంకంటే అతనికి ఎందుకంత భయం? పాఠాలన్నీ నీకు చెప్పాడు గానీ నాకు చెప్పలేదు. నువ్వు చెప్పు.

మీ అక్క


మైలవరం,
ఏప్రిల్ 6

అక్కా,

ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. అన్నం వడ్డిస్తుంటే చెప్పేవారు, పడుకోబోతుంటే చెప్పేవారు. ఇదిగో రాస్తున్నాను, చదివి చించెయ్.

వీధి కాలవ మన ఇంటికంటే ఎత్తు. అందుకని స్నానం నీళ్ళూ బట్టల నీళ్ళూ కూడా ట్యాంకులోకే పోతాయి. లోపల మురికి అడుక్కి దిగాలి, జిడ్డు పైకి తేలాలి, మధ్యలో తేటనీరు మాత్రమే గొట్టంలోంచి ఇంకుడు గుంతకు పోవాలి. దానికి నిలకడ కావాలి. అందుకే వారానికి రెండు రోజులు, కొంచెం కొంచెం ఉతకమనేవారు. బట్టలన్నీ ఒకేరోజు ఉతికితే ఆ నీళ్ళ తోపుకు అడుగున ఉన్నదంతా లేచి గుంతలోకి కొట్టుకుపోతుంది. గుంత మట్టికి మురికి పట్టిందంటే ఇక నీరు ఇంకదు. ట్యాంకు తోడించినా లాభం ఉండదు, మళ్ళీ నాలుగు రోజుల్లో నిండుతుంది.

చవక పౌడర్లలో కలిపే పిండి అడుగున గట్టిపడుతుందని నాకు చెంచాతో కొలిచి ఇచ్చేవారు. తువ్వాళ్ళ నూగు, దుప్పట్ల పీచు లోపల కుళ్ళవు, అవీ వెళ్ళి గుంతకే పడతాయి. బ్లీచింగ్ అయితే ఇంట్లోకే రానివ్వలేదు. లోపల మురికిని తినే సూక్ష్మజీవులు దానితో చచ్చిపోతాయట. ఇవన్నీ నిజమే అక్కా. ఆయన చెప్పిన వాటిలో తప్పేమీ లేదు. ముందు వసారా వెడల్పుగా కావాలని ట్యాంకు చిన్నది కట్టించుకుని, దాన్ని కాపాడే పని మాత్రం నా నెత్తిన పెట్టారు. దాని కోసం నేను ఇరవై ఎనిమిదేళ్ళు వాసనొచ్చే చీరలు కట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఆ కొత్త బాత్రూమ్‌కు కిందటేడాది నేనుండగానే పునాది తీశారు. దాని నేల ఒక అడుగు పల్లంలో ఉంది. పొంగితే మొదట పైకొచ్చేది అక్కడే. నీ వాటా మూడు మెట్ల ఎత్తు. నీకేమీ కాదు.

ఇలాంటివి రాస్తే భయమేస్తుందనుకున్నాను. వెయ్యడం లేదు.

నీ సాయి


నూజివీడు,
మే 9

సాయీ,

సీజను ముమ్మరంగా ఉంది. ఊరంతా మామిడికాయ వాసన. కాయ కొనడానికి వచ్చిన పైఊరి వ్యాపారులతో బస్టాండు దగ్గర లాడ్జి నిండిపోయింది. నేను వెళ్ళి ఆ లాడ్జి మేనేజర్ని అడిగాను, మీ దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు నేను ఉతికిస్తానని. రిటైరైన టీచరు ఇలా అడుగుతుందేమిటని ఎగాదిగా చూశాడు. ఆటోలో మూటలు పంపిస్తున్నాడు.

తోటల్లో కాయ కోసేవాళ్ళ చొక్కాలు కూడా తీసుకుంటున్నాను. సొన పడి నల్లటి మరకలు. బ్లీచింగ్ లేకుండా వదలవు. సోమవారం నుంచి శనివారం దాకా మూటలు పోగేసి ఆదివారం పొద్దున్నే మొదలుపెడతాను. చీకటి పడేదాకా మిషన్ ఆగదు. చెంచా అంటూ ఏమీ లేదు, గ్లాసుతో పోస్తున్నాను. మిషన్ నీళ్ళు వదిలినప్పుడు గొట్టంలో చప్పుడవుతుంది చూడు, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఆయన పోయాక నాకు ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

గంగాధరం మొదట బతిమాలాడు. "పరువుపోతుంది వదినా, మన ఇంటి ఆడవాళ్ళు ఊరి బట్టలు ఉతకడమేంటి?" అన్నాడు. "మా ఆయన బట్టలు ఉతకనివ్వలేదుగా. ఊరివైనా ఉతుక్కోనీ" అన్నాను. ఆ తర్వాత రాలేదు.

పోయిన వారం నుంచి అతని కొత్త బాత్రూమ్‌లో గుడగుడమని శబ్దం వస్తోంది. ఇంత ఎండలోనూ ఇంకుడు గుంత మీద గడ్డి పచ్చగా లేచింది. సాయంత్రాలు గాలి ఇటు తిరిగితే వాసన. అతను అగరొత్తులు వెలిగిస్తున్నాడు.

మీ అక్క


మైలవరం,
మే 18

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అగరొత్తుల దగ్గర నవ్వొచ్చి మౌనిక చూస్తుందని బాత్రూమ్‌లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఆయన నాకు షష్టిపూర్తి చీర పంపారు. కంచిపట్టు, అరిటాకుపచ్చ, పెద్ద జరీ అంచు. లోపల చీటీ కూడా లేదు. ఇన్నేళ్ళలో ఆయన నాకు అంత మంచి చీర కొనలేదు. ఒక పూట అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత బకెట్టులో బ్లీచింగ్ కలిపి నానబెట్టాను. మర్నాడు బండకేసి బాది ఉతికి, ఎండలో ఆరేసి, నీటుగా మడతపెట్టి అదే పెట్టెలో పంపించాను. ఈపాటికి అందే ఉంటుంది.

ఒకటి అడగాలి. వెనక గోడ అవతల బుచ్చయ్య, నాగమణి ఉన్నారా? వాళ్ళ చేతిపంపు మన ఇంకుడు గుంతకు దగ్గర. గుంత ఇంకకుండా పక్కలకు ఊరితే అది గోడ కిందనుంచి అటే పోతుంది. నాకు ముందే గుర్తుకు రావాల్సింది. వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. ఒకసారి చూడు అక్కా.

నీ సాయి


నూజివీడు,
జూన్ 2

సాయీ,

చీర అందింది. పార్సిల్ వచ్చినప్పుడు పంతులుగారూ, కేటరింగు అతనూ వసారాలో కూర్చున్నారు. వాళ్ళ ముందే గర్వంగా విప్పాడు. రంగంతా పోయి, పీచులు పీచులుగా ఊడి వచ్చింది. పంతులుగారు "అయ్యో, ఎలకలు కొట్టినట్టున్నాయే" అన్నారు. అతను గబగబా పెట్టె మూసి లోపలికి తీసుకెళ్ళాడు. నేను మెట్ల మీద కూర్చుని చూశాను. నువ్వు చూడలేకపోయావే అని ఒక్కటే కొరత.

కిందటి శుక్రవారం ట్యాంకర్ పిలిపించి తోడించాడు. నువ్వు చెప్పినట్టే అయింది. బుధవారానికి మళ్ళీ గుడగుడ మొదలైంది. గుంత తవ్వి కొత్తది వేయించాలంటే పందిరి పీకాలి. కార్డులు పంచేశాడు, తొలకరి వానలు కూడా పడ్డాయి. ఎటూ కదల్లేక పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మామిడి అయిపోవచ్చింది గానీ లాడ్జి ఇంకా ఖాళీ కాలేదు. రేపు ఎనిమిదో తారీఖు ముహూర్తం. మూటలన్నీ ఆ పొద్దుటికే దాస్తున్నాను.

బుచ్చయ్య వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

మీ అక్క


మైలవరం,
జూన్ 5

అక్కా,

నిన్న ఆయన వచ్చారు. ఏడాది తర్వాత. మా అన్నయ్య కుర్చీ వేశాడు, కూర్చోలేదు. "జరిగిందేదో జరిగింది. కార్డులో పేరుంది, రా. ఆ ఒక్క రోజు కూర్చుని వెళ్ళిపో, తర్వాత నీ ఇష్టం" అన్నారు.

"వస్తాను. పందిట్లో అందరి ముందూ సంహితకు ఫోనులో ఏం చెప్పారో చెప్పండి. అప్పుడు కూర్చుంటాను" అన్నాను.

"నీకెవరు చెప్పారు?" అన్నారు.

"దుప్పట్లు చెప్పాయి" అన్నాను. నాకెక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు.

మా అన్నయ్య వైపు తిరిగి, దీనికి మతి చలించింది, ఎవరికైనా చూపించండి అన్నారు. మా అన్నయ్య నోరు తెరవకముందే మా అమ్మ లేచి వచ్చి, "కాలు విరిగినదాన్ని నేను, బయటదాకా సాగనంపలేను, వెళ్ళిరా అల్లుడూ" అంది. వెళ్ళిపోయారు. నేను రావడం లేదక్కా. ఆయన పక్క పీట ఖాళీగా ఉంటుంది. నా కసి నేను తీర్చుకున్నాను.

నువ్వు బుచ్చయ్య వాళ్ళ సంగతి చూసుకుంటానని రాశావు. ఏం చూసుకున్నావో రాయలేదు. పంపు నీళ్ళు వాడొద్దని చెప్పావా? ఎందుకో చెప్పావా?

సాయి


నూజివీడు,
జూన్ 9

సాయీ,

జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భార్యకు జ్వరమని చెప్పి, షష్టిపూర్తి బదులు ఆయుష్యహోమం చేయిస్తున్నానని అతనొక్కడే కూర్చున్నాడు. పందిట్లో గుసగుసలు. నేను తెల్లవారుజామునే మిషన్ వేశాను. రాత్రి వాన పడింది, నేల నీళ్ళు తాగే స్థితిలో లేదు. హోమం సగంలో ఉండగా కొత్త బాత్రూమ్‌కు వెళ్ళిన పెద్దాయన ఒకడు పంచె ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడు. వెనకే నల్లటి నీళ్ళు గడప దాటి హాల్లోకి వచ్చాయి. అక్కడే భోజనాల బల్లలు వేశారు. ఆకులు పరిచి ఉన్నాయి. ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ. జనం కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు పెట్టుకుని వీధిలోకి పోయారు. పంతులుగారు పూర్ణాహుతి కానివ్వకుండానే లేచారు.

అతను పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని నా మెట్ల దగ్గరికి వచ్చాడు. కాళ్ళకు మురికి. "మిషన్ ఆపండి వదినా. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను" అన్నాడు.

ఆపాను. సంహితకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చాను. "అది అబద్ధమని చెప్పు" అన్నాను. చెప్పాడు. నాన్న మూడు రోజులూ నిన్ను అడిగాడమ్మా, నేనే రావద్దన్నాను, అన్నాడు. గేటు దగ్గర ఉన్నవాళ్ళందరూ విన్నారు. నేను కోరుకున్నదంతా జరిగింది.

తర్వాత సంహిత చాలా నెమ్మదిగా అడిగింది. "నాన్న పోయిన పొద్దున అమ్మ తోటలో ఉంది. నాన్న దగ్గర మీరొక్కరే ఉన్నారు. చివర్న ఏమన్నారు బాబాయ్?"

అతను తల దించుకున్నాడు. "ఏదో అన్నాడమ్మా. నేను కిటికీ దగ్గర పేపరు చూస్తున్నాను. సరిగ్గా వినలేదు."

సంహిత ఫోన్ పెట్టేసింది.

నేను లోపలికి వెళ్ళి మిషన్ మళ్ళీ వేశాను. ఆ రోజు ఉన్న మూటలన్నీ అయ్యేదాకా ఆపలేదు.

మీ అక్క


మైలవరం,
జూన్ 14

సౌభాగ్యలక్ష్మి గారికి,

నిన్న నాగమణి నాకు ఫోన్ చేసింది. ఆయన చూస్తే చూసుకోనీ అని ఎత్తాను. బుచ్చయ్య వాంతులు, విరేచనాలతో గవర్నమెంటు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆరో తారీఖున చేరాడట. మీరు మిషన్ రెండోసారి వేసేనాటికి అతను సెలైన్ మీద ఉన్నాడు. అతను ఆస్పత్రిలో ఉన్నాడని మీకు తెలుసో లేదో నాగమణిని అడిగాను. "టీచరమ్మగారికి చెప్పానండి. అయ్యో పాపం అని పళ్ళు కూడా పంపారు" అంది.

పంపు నీళ్ళు తాగొద్దని మీరు ఆవిడకు చెప్పారట. మున్సిపాలిటీ నీళ్ళు మీ కుళాయిలో పట్టుకోమన్నారట. ఎందుకో చెప్పలేదు. వాళ్ళు తాగడానికి మీ నీళ్ళు పట్టుకుని, గిన్నెలు కడగడానికీ, నోరు పుక్కిలించడానికీ పంపు కొడుతూనే ఉన్నారు. ఎందుకో తెలియకపోతే ఎవరైనా అంతే చేస్తారు. చెబితే నాగమణి వెళ్ళి ఆయనతో గొడవ పెట్టుకుంటుందనీ, ముహూర్తానికి ముందే మిషన్ ఆపాల్సి వస్తుందనీ మీరు చెప్పలేదు. నేను మీకు రెండుసార్లు రాశాను.

ట్యాంకు గుట్టంతా మీకు చెప్పింది నేనే. అందులో నా పాలు నేను కాదనను. కానీ బావగారి మంచం దగ్గర ఆయన చేసిందేమిటి? మనిషి బాధ కంటే తన పంతం ముఖ్యమనుకున్నారు. మీరూ అదే చేశారు. నాకు ఈ ఉత్తరం మీకు రాస్తున్నట్టు లేదు, ఆయనకు రాస్తున్నట్టుంది.

శుక్రవారం నూజివీడు వస్తున్నాను. ఆస్పత్రికి వెళ్తాను. రెండు వాటాల్లో దేనికీ రాను.

సాయిలక్ష్మి


నూజివీడు,
జూలై 3

సాయిలక్ష్మికి,

శుక్రవారం నువ్వు ఆస్పత్రి వరండాలో నాగమణి పక్కన కూర్చుని ఉండగా నేను చూశాను. స్తంభం ఇవతలే ఆగిపోయి తిరిగి వచ్చేశాను.

నీ ఉత్తరం చించలేదు. అది అందిన రోజే మిషన్ లాడ్జి మేనేజరుకు ఇచ్చేశాను.

బుచ్చయ్య ఇంటికొచ్చాడు. సగమైపోయాడు గానీ గంజి తాగుతున్నాడు. అతను వచ్చిన మర్నాడు నేను గోడ చుట్టూ తిరిగి వాళ్ళింటికి వెళ్ళాను. నాగమణి చాప వేసింది. కూర్చోకుండానే అంతా చెప్పాను. ఎందుకు ఉతికానో, ఎవరి మీద కసితో ఉతికానో, పంపు సంగతి ఎప్పటినుంచి తెలుసో అన్నీ చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాప చుట్టి మళ్ళీ మూలన పెట్టేసింది.

"మీకు మీకు ఉంటే మీరు మీరు తేల్చుకోవాలండి. మధ్యలో మా ఆయన ప్రాణం మీదికి తెచ్చారు. మీరిద్దరూ ఒకటే అండి" అంది.

మళ్ళీ ఆమే అంది. "మున్సిపల్ ఆఫీసులో కాగితం ఇస్తాను. నాకు రాయడం రాదు. మీరు రాయండి."

వాళ్ళ అరుగు మీదే కూర్చుని రాశాను. ట్యాంకు పొంగి పక్క ఇంటి పంపు పాడైందని, మనిషి ఆస్పత్రి పాలయ్యాడని రాశాను. తెలిసీ చెప్పనిది నేనేనని, ముందు నా పేరే పెట్టి రాశాను. ఆమె చదివించుకుని వింది. "ఇంకా ఏమైనా వదిలేశారా?" అంది. లేదన్నాను. వేలిముద్ర వేసి తనే తీసుకెళ్ళింది.

మున్సిపాలిటీ వాళ్ళొచ్చి చూసి వెళ్ళారు. ట్యాంకూ గుంతా మూసేసి వేరే చోట పెద్దది కట్టేదాకా రెండు వాటాల్లోనూ నీళ్ళు వాడకూడదు. బుచ్చయ్య వాళ్ళకు కుళాయి మేమే వేయించాలి. రోజూ పొద్దున్నే నేనూ గంగాధరమూ చెంబులు పట్టుకుని వీధి చివర కమ్యూనిటీ మరుగుదొడ్ల దగ్గర వరుసలో నిలబడుతున్నాం. జనం చూస్తున్నారు. అతను నా వైపు చూడడు.

నాకు అతని మీద కోపం పోయిందని అనుకోకు. పోలేదు. మీ బావగారి చివరి మాట ఇక ఎవరూ చెప్పలేరు. నేను బతికినంత కాలం అతన్ని క్షమించను. నన్ను క్షమించమని నిన్ను అడగను కూడా.

నిన్న అర్జీ నకలుతో సహా నోటీసు వచ్చింది. అది పట్టుకుని నా మెట్లెక్కి వచ్చాడు.

"నాగమణి మన ఇద్దరి మీదా అర్జీ పెట్టింది వదినా. ఎవరు రాసిచ్చారో గానీ పూసగుచ్చినట్టు రాశారు. మీ పేరు కూడా ఉంది, చూసుకున్నారా?"

"రాసింది నేనే" అన్నాను. "ముందు ఎవరి పేరుందో చూడు."

అతను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.

సౌభాగ్యలక్ష్మి